అక్క పింఛను, బావ సంతకం

నేను దుబాయ్‌కి అవతల, ఫుజైరా వెనకాల కొండల్లో ఉన్న ఒక క్వారీలో టైంకీపర్‌ని. ఏ డ్రైవర్ ఎప్పుడొచ్చాడు, ఏ కూలీ ఎప్పుడు దిగిపోయాడు రాసుకోవడం నా ఉద్యోగం. ఆలస్యంగా వచ్చినవాళ్లు చెప్పే కథలు వినీ వినీ, మనుషుల మాట మీద నాకు పెద్దగా నమ్మకం ఉండదు. అయినా మా బావ ముందు మాత్రం మూడేళ్లపాటు వెర్రివాడినే అయ్యాను. ఇది రాస్తున్నది ఆయన మీద కోపంతోనే. కోపం తగ్గాక రాస్తే బాగుంటుందని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. తగ్గేదాకా ఆగాలంటే నా ఆయుష్షు చాలదు.

బావ అంటే మా అక్క మొగుడు. ఫుజైరా పక్కనున్న కల్బాలో అల్యూమినియం కిటికీలు, తలుపులు చేసే దుకాణంలో పని. 2020లో కరోనా వచ్చి ఆ దుకాణం మూతపడితే, ఎలాగో విమానంలో సీటు సంపాదించుకుని ఇంటికి పోయాడు. దుబాయ్ నుంచి వచ్చినవాడు నెల రోజులుంటే చుట్టం, అంతకంటే ఎక్కువుంటే లెక్కలు అడుగుతాడు. ఇన్నేళ్లూ తాను పంపిన పైసలు ఏవని అక్కను అడిగాడు. ఆయన కూర్చున్న ఇల్లు ఆ పైసలతో కట్టిందే. ఆయన తల్లి కంటి ఆపరేషన్, ఆయన చెల్లెలి పెళ్లి, అన్నీ అందులోనివే. కళ్ల ముందున్నదాన్ని లెక్కలో వేసుకోవడం ఆయనకు ఇష్టం లేకపోయింది. వానాకాలం దాటకముందే అక్కనూ ఐదేళ్ల పిల్లనూ మా అమ్మ ఇంటికి పంపేశాడు. బట్టలు మరునాడు ఆటోలో వచ్చాయి.

జగిత్యాల వైపు మా ఊళ్లో ఇలాంటివి కోర్టు దాకా పోవు. పెద్దమనుషులు కూర్చుంటారు, చాయ్ తాగుతారు, రెండు వైపులా తిడతారు, ఒక మాట చెబుతారు. మరుసటి ఏడు అలాగే కూర్చున్నారు. అప్పటికి దుకాణం తెరిచారని బావ మళ్లీ కల్బా వచ్చేశాడు. ఆయన తరఫున ఆయన అన్న కూర్చున్నాడు. నేను ఎవరిదో ఫోన్లో, సగం వినబడీ వినబడక, క్యాంపు మెట్ల మీద కూర్చుని విన్నాను. ఆడమనిషికి ఏమీ ఇవ్వక్కర్లేదన్నారు. పిల్లకు మాత్రం పెద్దదయ్యేదాకా నెలకు ఐదు వేల రూపాయలు ఇవ్వాలన్నారు. అక్క చేతికి మాత్రం ఇవ్వనని బావ తన అన్న ద్వారా చెప్పించాడు. అప్పుడొక పెద్దమనిషికి నేను గుర్తొచ్చాను.

"బామ్మర్ది అక్కడ్నే ఉన్నడు గదనే. నెలనెల వాడే పోయి తీస్కుంటడు."

అందరూ బాగుందన్నారు. నన్నెవరూ అడగలేదు. ఆ రోజు నుంచి నేను మా బావ మీద వసూలుదారుణ్ణి.

బావకు బామ్మర్దిని పరాచికమాడే హక్కుంది. ఇది మా వైపు పుట్టుకతో వచ్చే హక్కు. పెళ్లి పందిట్లో మొదలై, ఎవరో ఒకరు పోయేదాకా నడుస్తుంది. బావ ఎంత మాటన్నా బామ్మర్ది నవ్వాలి. మొహం ముడుచుకుంటే వీడికి సరసం తెలియదని నలుగురూ వాడినే తప్పు పడతారు. మామూలు బావలు ఈ హక్కును నవ్వుకోవడానికి వాడుకుంటారు. మా బావ దానితో తోలు ఒలిచాడు.

శుక్రవారం మాకు సెలవు. కంపెనీ బస్సు ఫుజైరా బజారులో దింపితే, అక్కణ్ణుంచి షేర్ టాక్సీలో కల్బా పోయేవాణ్ణి. దుకాణం పైన గది. ఆరుగురుంటారు, అందరూ మన నిజామాబాద్, కరీంనగర్ వాళ్లే. శుక్రవారం కాబట్టి అందరూ లుంగీల మీద పడుకుని ఫోన్లు చూస్తుంటారు. నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే బావ మొదలుపెట్టేవాడు.

"లేవున్రి లేవున్రి, ఫైనాన్సోడొచ్చిండు. కిస్తీ కట్టకపోతే బండి గుంజుకపోతడు."

గదంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. తర్వాత అన్నం పెట్టేవాడు. బావ ఇంట్లో తినకుండా వస్తే చుట్టరికం తెంపుకున్నట్టు. తెంపుకుంటే పైసలు రావు. కాబట్టి కూర్చునేవాణ్ణి. తానే గరిటె పట్టుకుని, కోడికూర ముక్కలు ఏరి నా పళ్లెంలో వేస్తూ, "తిను బామ్మర్ది, మీ అక్క బక్కపడ్డదట గద, దాని వాటా గూడ నువ్వే తిను" అనేవాడు. ఆ ముక్క నోట్లో పెట్టుకుని నమిలి మింగడం ఎలాగుంటుందో చెప్పడానికి నాకు మాటలు లేవు. మింగాను, అంతే. ఒక నెల కాదు, రెండు నెలలు కాదు.

అన్నం అయ్యాక కూడా వెంటనే ఇచ్చేవాడు కాదు. ఫోన్ తీసి ఆ రోజు రేటు చూసేవాడు. పెద్దమనుషులు రూపాయల్లో చెప్పారు కదా. దిర్హాముకు రూపాయలు పెరిగితే దిర్హాములు తగ్గించేవాడు. రూపాయి పడిపోతున్న రోజులవి, కాబట్టి దేశం నష్టపోయినప్పుడల్లా బావకు లాభం. చివర చిల్లర నాణేలతో సహా లెక్కపెట్టి చేతిలో పోసేవాడు. ఒకసారి ఒక నాణెం మంచం కిందికి దొర్లితే, వంగి వెతుక్కోమని అందరి ముందూ చూస్తూ కూర్చున్నాడు. వెతికాను. అది నా మేనకోడలిది.

చెయ్యెత్తాలని చాలాసార్లు అనిపించింది. ఇక్కడ చెయ్యెత్తితే పోలీసు, పోలీసొస్తే విమానం. నాకూ ఊళ్లో భార్యా కొడుకూ ఉన్నారు.

ఆ పైసలు ఎక్స్ఛేంజిలో నా పేరు మీద కట్టి అమ్మ ఖాతాకు పంపేవాణ్ణి. అమ్మ తీసి అక్కకిచ్చేది. అక్క పిల్లను మండలంలో ఉన్న ఇంగ్లీషు మీడియం బడికి పంపించేది. ఫీజూ ఆటో కిరాయీ అందులోంచే. పిల్లకు చదువంటే ప్రాణం. పలక మీద రాసింది ఫొటో తీయించి నాకు పంపేది. శుక్రవారం సాయంత్రం ఫోన్ చేస్తే మొదటి మాట, "మామా, బాపును చూసినవా?" అని. చూశాననేవాణ్ణి. "నన్నడిగిండా?" అనేది. అడిగాడనేవాణ్ణి. ఆయన ఎప్పుడూ అడగలేదు. ఒక్కసారైనా అడిగి ఉంటే ఆయన అన్న మాటలన్నీ మరచిపోయేవాణ్ణి.

ఇంటి ఖర్చు వేరే. అక్క మా ఊరి సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆ జీతం ఎప్పుడొస్తుందో వండించేవాళ్లకే తెలియదు. నెలల తరబడి రాదు, ఒక్కోసారి బియ్యానికి తప్ప గుడ్లకూ పప్పుకూ తనే అప్పు తెచ్చి వండుతుంది. అందుకే సర్కారు ఒంటరి ఆడవాళ్లకిచ్చే పింఛను కోసం దరఖాస్తు పెట్టుకుంది. మొగుడు వదిలేసి ఏడాది దాటాలి, అది నిజమేనని ఊరివాళ్లు చెప్పాలి. పంచాయతీ ఆఫీసు ముందు పదిమందిలో నిలబడి, నాకు మొగుడు లేనట్టేనని చెప్పి వచ్చిన రోజు అక్క అన్నం తినలేదని అమ్మ చెప్పింది. కొత్త పింఛన్లు మంజూరైనప్పుడు అక్క పేరూ వచ్చింది. పోస్టాఫీసులో వేలిముద్ర వేస్తే రెండు వేల చిల్లర. మీకు తక్కువనిపించవచ్చు. ఎప్పుడొస్తుందో తెలిసిన సొమ్ము మా అక్క చేతిలో అదొక్కటే. కిరాణా దుకాణంవాడు ఆమెకు ఉద్దెర ఇవ్వడం మొదలుపెట్టింది ఆ పింఛను చూసే.

మరి బావ ఇచ్చేది ఉండగా పింఛను తీసుకోవచ్చా? అది తప్పని మాకు తట్టలేదు. పిల్ల తండ్రి పిల్లకిచ్చేది వేరు, దిక్కులేని ఆడదానికి సర్కారిచ్చేది వేరు అనుకున్నాం. ఇప్పటికీ నేను అదే అనుకుంటాను. పైగా కాయితం మీద అది ఒక కొడుకు తల్లికి పంపుకునే సొమ్ము. బావ పేరు ఎక్కడా లేదు. ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

తర్వాత ఇక్కడ వారం సెలవులు మారాయి. కొన్నాళ్లకు మా కంపెనీ కూడా శుక్రవారం పని పెట్టి ఆదివారం సెలవిచ్చింది. బావ దుకాణానికి శుక్రవారమే. నాకు కుదిరిన రోజు ఆయన పనిలో, ఆయనకు కుదిరిన రోజు నేను క్వారీలో. రెండు మూడు నెలలు అవస్థ పడ్డాక బావే ఫోన్ చేశాడు. ఆ రోజు ఎగతాళి లేదు. మర్యాదగా మాట్లాడాడు. నువ్వు తిప్పలు పడకు, ఇకనుంచి నేనే నేరుగా మీ అక్క ఖాతాకు వేస్తానన్నాడు. అమ్మ ఖాతాకు వెయ్యమన్నాను. నా బిడ్డకు నేను పంపుతున్న, మీ అవ్వకెందుకు పంపాలె అన్నాడు. మాటలో తప్పేముంది? అక్కకు చెబితే సంతోషపడింది. బ్యాంకు పుస్తకంలో ఆయన పేరు పడుతుంది కదా తమ్మీ, రేపు పిల్ల పెద్దయినంక చూపెట్టొచ్చు అంది. నాకూ హాయిగా అనిపించింది. ఆ గది గుమ్మంలో చెప్పులు విప్పే పని తప్పింది.

చెప్పినట్టే పంపాడు. పంపి, ఆ రసీదు ఫొటో తీసి మా ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద 'నా బిడ్డ ఖర్చులకు' అని రాసి, రెండు దండాల బొమ్మలు. రసీదు మీద అక్క పేరు స్పష్టంగా కనబడుతోంది. ఊరు ఊరంతా బొటనవేళ్లెత్తింది. భార్యను వదిలేసినా బిడ్డను మరవలేదు, మగాడంటే ఇలా ఉండాలి అని ఒకాయన రాశాడు. రెండేళ్లు నా చేత చిల్లర ఏరించినవాడికి దండాలు పెడుతుంటే చూస్తూ ఊరుకున్నాను. పిల్లకు ముడుతున్నాయి కదా, పేరు ఆయనకే పోనీ అనుకున్నాను. మరుసటి నెలా పెట్టాడు. ఆ తర్వాతి నెలా పెట్టాడు.

ఆ గ్రూపులో మా దుబాయ్ వాళ్లే కాదు, ఊరి సర్పంచి ఉన్నాడు, ఆశా వర్కర్ ఉంది, ఇంటి పన్ను, నల్లా నీళ్ల సంగతులు పెట్టడానికి పంచాయతీ కార్యదర్శి కూడా ఉన్నాడు. గుడ్‌మార్నింగ్ పువ్వులు, పుట్టినరోజు కేకుల మధ్య ఆయనొకడున్నాడన్న సంగతి ఎవరికీ గుర్తులేదు.

ఒక నెల అక్క పోస్టాఫీసులో వేలు పెడితే పేరు లేదన్నారు. వేలు కడుక్కుని మళ్లీ పెట్టిందట. వంట చేసే చేతులు కదా, గీతలు అరిగిపోయాయేమో అనుకుంది. కార్యదర్శి దగ్గరికి పోతే ఆయన కూర్చోబెట్టి చెప్పాడు. చెడ్డవాడు కాదు, కొత్తగా ఉద్యోగంలో చేరిన మనిషి. మొగుడు నెలనెలా పంపుతున్నట్టు ఊరంతా చూసింది, నేనూ చూశాను, రేపు పైనుంచి ఎవరైనా అడిగితే నా నౌకరి పోతుంది అక్కా అన్నాడట. అక్క బతిమాలింది. అది పిల్లకని చెప్పింది. ఖాతా నీదే కదా అన్నాడు.

నాకు ఫోన్ వచ్చింది క్రషర్ దగ్గరున్నప్పుడు. ఆ చప్పుడులో సగమే వినబడింది, కానీ అర్థమైంది. ఆదివారం దాకా ఆగి కల్బా పోయాను. బావ దుకాణంలో అద్దం కోస్తున్నాడు. విషయం చెప్పి, ఇకముందు గ్రూపులో పెట్టొద్దు, అమ్మ ఖాతాకు వెయ్యి అని అడుగుదామనే పోయాను. నేను నోరు తెరవకముందే ఆయనకు అంతా తెలుసు. గీత గీసి అద్దం విరిచి, పక్కన పెట్టి, చేతులు తుడుచుకున్నాడు.

"ఒంటరి ఆడది అని రాయిచ్చుకున్నదట గదరా మీ అక్క. మరి నేనెవర్ని? సచ్చిన్నా?"

"సావలే బావా. ఇడిసిపెట్టినవ్."

"ఇడిసిపెడితే నెలనెల పైసలెట్ల పంపుత? సర్కారు దిక్కు ఓ చెయ్యి, నా దిక్కు ఓ చెయ్యి. ఇగ ఖలాస్. అబద్ధమాడినోళ్లకు నేను పెట్ట."

పింఛను సంగతి తనకు ఇప్పటిదాకా తెలియదన్నాడు. నేను నమ్మలేదు. ఆయన అన్న ఇల్లు పంచాయతీ ఆఫీసుకు ఎదురుగా ఉంది. ఎవరికి ఏ పింఛను వస్తుందో ఆ ఇంటి అరుగు మీద తేలుతుంది. తెలిసే చేశాడని నా నమ్మకం. కానీ ఒక మాట ఒప్పుకోవాలి, ఆ రోజు ఆయన మొహంలో అవమానం కూడా నిజంగానే ఉంది. తాను వదిలేసిన ఆడది తనను లేనివాడిగా రాయించుకోవడం ఆయనకు నిజంగానే గుచ్చుకుంది. వదిలెయ్యడం గుచ్చుకోలేదు, రాయించుకోవడం గుచ్చుకుంది.

ఆ నెల నుంచి పంపడం మానేశాడు. అక్క పని రెంటికీ చెడ్డ రేవడి అయింది. సర్కారు లెక్కలో మొగుడు పోషిస్తున్న ఆడది, మొగుడి లెక్కలో సర్కారు పోషిస్తున్న ఆడది. నేను నా జీతంలోంచి కొంత పంపాను. నా భార్యకు తెలిసి రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. ఆమెను తప్పు పట్టను, మా వాడి ఫీజూ అప్పుడే కట్టాల్సి వచ్చింది. నేను పంపింది ఉప్పుకూ పప్పుకే సరిపోయింది. దసరా సెలవుల తర్వాత పిల్ల మండలం బడికి పోలేదు. అక్క తాను వండే బడిలోనే చేర్పించింది. కొత్త బడిలో మొదటిరోజు పిల్ల మధ్యాహ్నం వరసలో నిలబడితే, అక్కే గరిటెతో దాని పళ్లెంలో అన్నం పెట్టింది. పిల్ల తలెత్తి చూడలేదట.

కార్యదర్శి ఒక దారి చెప్పాడు. మొగుడి దగ్గర్నుంచి ఏమీ రావడం లేదని ఆ మొగుడే రాసి సంతకం పెడితే, మళ్లీ పైకి పంపుతానన్నాడు. ఇదేమంత కష్టం అనుకున్నాం. పంపడం ఎలాగూ లేదు. ఉన్నది ఉన్నట్టు రాయడమే. మళ్లీ కల్బా పోయాను. బావ నా మాట పూర్తిగా విన్నాడు. విని, తల అడ్డంగా ఊపాడు.

"పంపుతున్న అని ఊరంత తెలుసు. పంపుతలేనని నా చేతితోని రాసియ్యాల్నా? నా ఇజ్జతేం గావాలె?"

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా నివ్వదు అంటారు. ఆ అమ్మకైనా కడుపు తీపి ఉంటుందేమో. మూడు ఆదివారాలు తిరిగాను. ఒకసారి చాయ్ తాగించి పంపాడు. ఒకసారి దుకాణం బయట ఎండలో కూర్చోబెట్టి, లోపల ఏసీ కింద పడుకున్నాడు. ఒకసారి ముదీర్ ఉన్నాడు మాట్లాడకు అన్నాడు. ముదీర్ అంటే వాళ్ల మేనేజరు, ఆ రోజు ఆయన షార్జాలో ఉన్నాడని పక్కవాడు చెప్పాడు. నాలుగోసారి బావే ధర చెప్పాడు.

"ఇడుపు కాయితం రాయుమను. బిడ్డ పైసలు ఇగ ఎన్నడడగనని గూడ అండ్లనే రాయుమను. అప్పుడు పెడత సంతకం."

ఇడుపు కాయితమంటే మా వైపు పెద్దమనుషుల ముందు రాసుకునే విడాకులు. అంటే పెద్దమనుషులు చెప్పిన ఐదు వేలూ రద్దు. పిల్ల పెద్దదయ్యేదాకా ఆయన పెట్టాల్సిందంతా ఆ సర్కారు పింఛను మీద తోసేస్తున్నాడన్నమాట. తన కూతురి పోషణ సర్కారుకు అప్పజెప్పి, దానికి తాను రుసుం తీసుకుంటున్నాడు. ఒప్పుకోవద్దని అక్కకు చెప్పాను. ఊరికొచ్చాక పెద్దమనుషుల్ని మళ్లీ కూర్చోబెడదామన్నాను. నువ్వెప్పుడొస్తవు తమ్మీ అంది. నాకు సెలవు వచ్చే ఏడు గానీ లేదు. కిరాణాయన మొన్ననే ఉద్దెర ఆపేశాడని అప్పుడు చెప్పింది. రెండు రోజులకు పెద్దమనుషుల ముందు రాసి వేలిముద్ర వేసింది. అక్కకు సంతకం వచ్చు. వేలిముద్రే కావాలన్నారట.

ఆ కాయితం ఫొటో వచ్చాక, ఒక శుక్రవారం జీతం కోయించుకుని సెలవు పెట్టి కల్బా పోయాను. గదిలో అందరూ ఉన్నారు. బావ తెల్ల కాయితం, పెన్ను ముందు పెట్టుకుని కూర్చున్నాడు. రాయలేదు. ముందు మీ అక్కకు ఫోన్ కలుపు అన్నాడు. కలిపాక నా చేతిలోంచి ఫోన్ తీసుకుని స్పీకర్ పెట్టి, మంచం మధ్యలో పెట్టాడు. అక్క గొంతు వెనకాల గిన్నెల చప్పుడూ పిల్లల గోలా వినబడుతున్నాయి.

"నీ నోటితోని చెప్పు," అన్నాడు. "నేనేమిస్తున్న నీకు?"

అక్క గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత, "ఏమిస్తలేవు," అంది.

"గట్టిగ చెప్పు. మనోళ్లు ఇనాలె."

"నువ్వు నాకేమిస్తలేవు."

"బిడ్డకు?"

గదిలో ఒకతను లేచి బయటికి పోయాడు. మిగతావాళ్లు ఫోన్లలోకి చూస్తున్నారు. నవ్వే అలవాటున్నవాళ్లు కూడా ఆ రోజు నవ్వలేదు. నేను ఫోన్ లాక్కోవాల్సింది. కాయితం ఇంకా ఖాళీగా ఉంది, అందుకని కదల్లేదు.

"బిడ్డకు గూడ ఏమిస్తలేవు," అంది అక్క. "అయిపోయిందా? పిల్లలకు అన్నం టైమైంది. ఫోన్ పెట్టెయ్యనా?"

బావ పెన్ను మూత తీశాడు. ఆ మాటకు ఆయన దగ్గర పరాచికం లేకపోయింది. అక్కే పెట్టేసింది. అప్పుడు రాశాడు. అక్షరాలు గుండ్రంగా, శ్రద్ధగా, పరీక్ష రాసినట్టు రాశాడు. సంతకం పెట్టి, ఫొటో తీసుకుని, కాయితం నాకిచ్చాడు. తిని పో బామ్మర్ది అన్నాడు. ఆ రోజు తినలేదు. ఇడుపు అయిపోయాక ఆయన నాకు బావ కాడు.

పింఛను మళ్లీ మొదలు కావడానికి చాలా నెలలు పట్టింది. కానీ వచ్చింది. అక్క పోస్టాఫీసు నుంచే ఫోన్ చేసి చెప్పింది. పాత నెలలవి ఇవ్వలేదు, ఉన్నదే చాలు అంది. ఆ రోజు క్యాంపులో నలుగురికి సమోసాలు తెప్పించాను.

సంతోషం వారమే. ఆయన తాను తీసుకున్న ఫొటో మా ఊరి గ్రూపులో పెట్టాడు. ఏమీ ఇవ్వడం లేదని తన చేత్తో తానే రాసిన కాయితం పెట్టడానికి ఎవడికైనా సిగ్గుండాలి. ఆయన దాని కింద ఇలా రాశాడు: పంపిన పైసలు వాళ్లకు ముట్టలేదట, రెండేళ్లు బామ్మర్ది చేతికిచ్చాను, ఎవరు తిన్నారో దేవుడికి తెలుసు, పింఛను ఆగిందని తెలిసి నా ఇజ్జత్ పోయినా సరే అని సంతకం పెట్టి ఇప్పించాను, నా బిడ్డ బాగుండాలి. మళ్లీ రెండు దండాలు. మళ్లీ బొటనవేళ్లు. ఆయన ఇచ్చిన పైసలన్నీ ఎక్స్ఛేంజిలో కట్టిన రసీదులు నా దగ్గరున్నాయి. అన్నీ ఫొటోలు తీసి గ్రూపులో పెట్టాను. ఒక్కరూ చూసినట్టు లేరు. ఇంటి గొడవలు గ్రూపులో వద్దు అని ఒక పెద్దమనిషి రాశాడు. నా చేత వసూలు చేయించిన పెద్దమనిషే.

ఆ ఆదివారం పిల్లకు ఫోన్ చేశాను. ఇప్పుడు తొమ్మిదేళ్లు. గొంతు మారింది, మాట పెద్దమనిషి మాటలాగుంది.

"మామా, మా బాపే పింఛన్ ఇప్పిచ్చిండట గద," అంది. నేను ఏదో అనబోతే, "బడిల అందరు అంటున్నరు. బాపు నా కోసం ఇచ్చిన పైసలు నువ్వు తీస్కున్నవట. గందుకే నన్ను ఆ బడి మాన్పిచ్చిన్రట. నిజమేనా మామా?" అంది.

అవతల ఫోన్ చేతులు మారిన చప్పుడు. అక్క ఫోన్ తీసుకుని బయటికి నడిచింది. నేను అరిచాను. దానికి నిజం చెప్పు, ఇప్పుడే చెప్పు, లేకపోతే నేనే చెబుతాను, వాడు చేసిందంతా చెబుతాను అన్నాను. అక్క నన్ను అరవనిచ్చింది. అయిపోయాక, గొంతు తగ్గించి అంది.

"నిన్ను తిట్టుకున్నా నువ్వు దాని మామవే తమ్మీ, యాడికి పోవు. ఆయన్ను తిట్టుకుంటే దానికి బాపన్నోడే లేకుంటవోతడు. ఇప్పటిదాక ఆయన ఇచ్చిందంటూ దాని దగ్గర ఒక్కటి లేదు. గిదన్న ఉండనీ."

కొట్టినా బాగుండేది. సరే అన్నాను. పిల్లకు ఫోన్ ఇవ్వమని, అవును బిడ్డా, కొన్ని నేను ఖర్చు పెట్టుకున్నాను, మళ్లీ ఇస్తాను అని చెప్పాను. పిల్ల ఏడవలేదు. ఫోన్ పక్కన పెట్టేసింది.

ఇప్పటికీ ప్రతి ఆదివారం చేస్తాను. ఇక్కడ సాయంత్రం నాలుగైతే అక్కడ ఐదున్నర. పిల్లకివ్వమంటాను. పడుకుందంటుంది అక్క.